ప్రాణవాయువును వదిలే నేర్పు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: ఎర్ర రక్తకణం, హిమోగ్లోబిన్, రక్తహీనత

ప్రాణవాయువు నీటిలో అంత సులువుగా కరగదు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా చాలావరకు నీరే కనుక, ఊపిరితిత్తుల గాలిగదులలో ఉండే పీడనం వద్ద ఒక లీటరు ప్లాస్మా తనలో కరిగించుకోగల ఆక్సిజన్ 3 మిల్లీలీటర్లకు మించదు. పూర్తి విశ్రాంతిలో ఉన్న వయోజనుడికి సైతం నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అవసరం కాగా, అతని గుండె ఆ నిమిషంలో శరీరానికి పంపే రక్తం సుమారు 5 లీటర్లు. కరిగిన ఆక్సిజన్ మీదనే బతకవలసి వస్తే ఆ 5 లీటర్లు మోసుకుపోగలిగేది 15 మిల్లీలీటర్లే. అందులో ఏమీ మిగల్చకుండా కణజాలాలు తీసేసుకున్నా, గుండె ఇప్పటికి పదహారు రెట్లకు పైగా రక్తాన్ని నెట్టవలసి ఉంటుంది. అది ఏ మానవ హృదయానికీ సాధ్యం కాదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో బతికే మంచుచేపలు హిమోగ్లోబిన్ లేకుండానే జీవితమంతా గడుపుతాయి. గడ్డకట్టే చలిలో నీరు ఎక్కువ ఆక్సిజన్‌ను కరిగించుకోగలగడం, ఆ చేపల దేహం మందకొడిగా పనిచేయడం, వాటి గుండె, రక్తపరిమాణం అసాధారణంగా పెద్దవి కావడం అందుకు కారణాలు. ఉష్ణరక్త జీవులకు ఆ దారి లేదు.

ఆ లోటును పూడ్చేది ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్. అది ఆక్సిజన్‌ను పట్టుకొనే పదార్థమని పాఠశాల పుస్తకాలు చెప్పేది నిజమే అయినా, గత శతాబ్దంన్నర కాలంలో శరీరధర్మ శాస్త్రం నేర్చుకున్న అసలు పాఠం మరొకటి ఉన్నది. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోగల అణువులు సృష్టిలో ఎన్నో ఉన్నాయి. పట్టుకున్నదాన్ని అవసరమున్న చోట, అవసరమున్నంత మేర వదలగల అణువు అరుదు. ఎర్ర రక్తకణపు ఆకారం, దాని ఆంతరిక రసాయనం, దానిలోని ఫాస్ఫేటు సమ్మేళనాలు అన్నీ ఈ వదిలే పనికి అనుగుణంగా అమరినవే. అదే నేర్పు రక్తహీనతను చాలాకాలం కప్పిపుచ్చుతుందనీ, అందువల్లనే ఆ వ్యాధి పట్ల తెలుగు సమాజంలో ఇంతటి ఉదాసీనత నిలిచి ఉన్నదనీ చూపడం ఈ ఉపన్యాసపు ఉద్దేశం.

ఈ విషయాన్ని 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితం చేయడంలో ఔచిత్యమున్నది. హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి 1925లో అచ్చయింది. రక్తంలోని, కణజాలంలోని ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, ఒక క్షయకరణి సాయంతో నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతను బట్టి పరిమాణాన్ని లెక్కించే ఈ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నింటికీ నిత్యసాధనమైంది. కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లోను ఫిస్కే, సుబ్బారావు గుర్తించగలగడానికి ఈ కొలతే ఆధారం. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. 1925లోనే, ఆ కొలత పద్ధతి అచ్చయిన జీవరసాయన పత్రికలోనే, ఐసిడోర్ గ్రీన్‌వాల్డ్ పంది రక్తం నుండి వేరుచేసిన ఒక కొత్త ఫాస్ఫేటు సమ్మేళనం గురించి రాశారు. ఎర్ర రక్తకణంలో అది అంత ఎక్కువగా ఎందుకు ఉన్నదో ఆనాడు ఎవరికీ తెలియలేదు. ఆ ప్రశ్నకు జవాబు రావడానికి 42 ఏళ్లు పట్టింది.

ఎర్ర రక్తకణం నిర్మాణాన్ని ముందుగా పరిశీలించాలి. దాదాపు 7 నుండి 8 మైక్రోమీటర్ల వ్యాసంతో, రెండు వైపులా మధ్యలో లోపలికి నొక్కుకుపోయిన బిళ్ల ఆకారంలో ఉండే ఈ కణపు ఘనపరిమాణం సుమారు 90 ఘన మైక్రోమీటర్లు, ఉపరితల వైశాల్యం సుమారు 140 చదరపు మైక్రోమీటర్లు. అదే పరిమాణం గల గోళానికి ఉపరితలం 97 చదరపు మైక్రోమీటర్లే ఉంటుంది. ఈ అదనపు ఉపరితలం వల్ల రెండు ప్రయోజనాలు ఒనగూరుతున్నాయి: కణంలోని ఏ హిమోగ్లోబిన్ అణువూ పొరకు మరీ దూరంగా ఉండకపోవడంతో వాయువులు క్షణంలో లోపలికీ వెలుపలికీ ప్రవహించగలుగుతాయి; కణం వంగి, ముడుచుకొని, తనకన్నా సన్నని కేశనాళికలలో నుండి, ప్లీహంలోని అంతకన్నా ఇరుకైన చీలికలలో నుండి పగలకుండా జారిపోగలుగుతుంది. పొర లోపలి వైపున వలలా అల్లుకున్న స్పెక్ట్రిన్ అనే ప్రోటీను ఈ సాగే గుణానికి మూలం. వంశపారంపర్యంగా ఆ వలలో లోపమున్నవారిలో కణాలు గుండ్రబడి, ప్లీహపు చీలికలను దాటలేక నశించిపోతాయి.

క్షీరదాల ఎర్ర కణం పరిపక్వమయ్యేటప్పుడు తన కేంద్రకాన్నీ, శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలనూ వదిలేసుకుంటుంది. కోట్లాది ఏళ్ల పరిణామ ప్రయాణంలో పక్షులు, సరీసృపాలు కేంద్రకాన్ని నిలుపుకున్నాయి కనుక, అది లేకుంటేనే ఆక్సిజన్ మోయడం సాధ్యమని చెప్పడం సరికాదు. కానీ మైటోకాండ్రియాలు లేకపోవడంలోని ఔచిత్యం స్పష్టం: ఆక్సిజన్‌ను మోసుకుపోయే కణం తన సరుకును తానే ఖర్చు చేసుకోదు. దాని శక్తి అవసరమంతా ఆక్సిజన్‌తో పనిలేకుండా గ్లూకోజును విచ్ఛిన్నం చేయడం ద్వారానే తీరుతుంది. కొత్త ప్రోటీన్లు తయారుచేసుకొనే శక్తి కూడా లేకపోవడం వల్ల, పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న సరంజామాతోనే సుమారు 120 రోజులు గడిపి, ఆ తరువాత ప్లీహంలోను కాలేయంలోను ఉన్న భక్షక కణాల పాలవుతుంది. ఒక వయోజనుడి శరీరంలో ఉండే కణాలు దాదాపు 25 లక్షల కోట్లు. వాటిని ఆ సంఖ్యలో నిలపడానికి ఎముక మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను రక్తంలోకి విడుదల చేయాలి. ఈ ఉత్పత్తి వేగం గుర్తుంటే, ఇనుముకు గానీ ఫోలిక్ ఆమ్లానికి గానీ కొరత ఏర్పడినప్పుడు రక్తం ఎందుకు ముందుగా దెబ్బతింటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక్కొక్క కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఆ ప్రోటీను కణాలలో కాకుండా నేరుగా ప్లాస్మాలో తేలియాడితే ఏమవుతుందో రక్తకణాలు చిట్లే వ్యాధులను చూసి తెలుసుకోవచ్చు: అది ముక్కలై మూత్రపిండాల వడపోతలో నుండి జారిపోతుంది, రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడును పీల్చేసి నాళాలను బిగించివేస్తుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, కణమనే గది లేకపోతే హిమోగ్లోబిన్ చుట్టూ ఉండే ఆమ్లత్వాన్నీ ఫాస్ఫేటునూ విడిగా నియంత్రించే వీలుండదు.

హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ప్రోటీను గొలుసులుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. ఒక్కొక్క గొలుసు ముడతలో హీమ్ అనే చదునైన వలయం, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటాయి. ఆక్సిజన్ అణువు కూర్చునేది ఈ ఇనుము మీదే. ఇనుము తుప్పుపట్టినట్టుగా శాశ్వతంగా ఆక్సీకరణం చెందకుండా, ఆక్సిజన్‌ను తాత్కాలికంగా మాత్రమే ధరించడం ఈ అమరికలోని ప్రత్యేకత. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారిలో అంతే రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. కరిగి ఉండేది 0.3 మిల్లీలీటరు మాత్రమే.

ఆక్సిజన్ పీడనం పెరిగే కొద్దీ హిమోగ్లోబిన్ ఎంత శాతం నిండుతుందో గీసిన రేఖను ఆక్సిజన్ వియోజన వక్రం అంటారు. 1890 దశకంలో జర్మనీకి చెందిన గుస్టాఫ్ హ్యూఫ్నర్ దీనిని మొదట నిటారుగా లేచి, పిదప చదునయ్యే మామూలు వక్రంగా భావించారు. కోపెన్‌హాగన్‌లో క్రిస్టియన్ బోర్ తన సహచరులు హాసెల్‌బాక్, ఆగస్ట్ క్రోగ్‌లతో కలిసి 1904లో ప్రచురించిన కొలతలు అది 'ఎస్' అక్షరపు ఒంపుతో ఉన్నదని తేల్చాయి. ఈ ఒంపు చూడడానికి చిన్న తేడాగా కనిపించినా, ప్రాణి మనుగడ దాని మీదే ఆధారపడి ఉన్నది. ఊపిరితిత్తులను దాటిన రక్తంలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మిల్లీమీటర్ల పాదరస పీడనం. అక్కడ హిమోగ్లోబిన్ 97 శాతానికి పైగా నిండి ఉంటుంది. వక్రం పైభాగం చదునుగా ఉండడం వల్ల, ఊపిరితిత్తుల జబ్బుతోనో ఎత్తైన ప్రదేశానికి వెళ్లడంతోనో ఆ పీడనం 60కి పడిపోయినా సంతృప్తత 90 శాతం దగ్గర నిలుస్తుంది. కణజాలాల నుండి తిరిగివచ్చే రక్తంలో పీడనం సుమారు 40, సంతృప్తత 75 శాతం. అంటే విశ్రాంతిలో నాలుగో వంతు సరుకే దిగింది. ఆపై వక్రం ఏటవాలుగా జారుతుంది కనుక, శ్రమించే కండరంలో పీడనం 20కి తగ్గితే సంతృప్తత 35 శాతం ప్రాంతానికి దిగిపోయి, అదే రక్తం అంతకు రెండున్నర రెట్ల ఆక్సిజన్‌ను అందిస్తుంది. అడిగే కణజాలమే తన ఆక్సిజన్ పీడనాన్ని తగ్గించుకోవడం ద్వారా తనకు రావలసినది రాబట్టుకుంటున్నదన్న మాట.

ఈ ఒంపుకు కారణం నాలుగు హీమ్‌లు ఒకదానితో ఒకటి సహకరించుకోవడం: మొదటి ఆక్సిజన్ చేరడం కష్టం, అది చేరాక తక్కినవి చేరడం సులభం, అలాగే ఒకటి విడిపోతే మిగిలినవి విడిపోవడమూ సులభం. 1910లో ఆర్చిబాల్డ్ హిల్ దీనికి గణిత సమీకరణం రాశారు, 1925లో గిల్బర్ట్ అడైర్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులున్నాయని నిర్ధారించారు. అణువులో భౌతికంగా ఏం జరుగుతున్నదో మొదటగా కంటికి కనిపించినది మాత్రం 1938లో ప్రాగ్ నగరంలో. ఫెలిక్స్ హౌరోవిట్జ్ ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద ఉంచినప్పుడు, గాజుపలక అంచు నుండి ఆక్సిజన్ లోపలికి పాకే కొద్దీ ఆ స్ఫటికాలు చెదిరిపోయి మరో ఆకారపు స్ఫటికాలుగా మారాయి. ఆక్సిజన్ చేరితే అణువు రూపమే మారుతుందని దానివల్ల తెలిసింది. కేంబ్రిడ్జిలో 1937లో హిమోగ్లోబిన్ మీద పని మొదలుపెట్టిన మాక్స్ పెరూట్జ్ ఎక్స్-కిరణాలతో దాని స్థూల నిర్మాణాన్ని చూపగలిగింది 1959లో. ఒక్క అణువు కోసం ఇరవై రెండేళ్లు నిలబడిన ఆ పట్టుదలకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో సాటి రాగలవి తక్కువ. 1962లో జాన్ కెండ్రూతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్న తరువాత కూడా ఆయన ఆగక, 1970లో ఆ యంత్రాంగాన్ని వివరించారు. ఆక్సిజన్ లేనప్పుడు ఇనుప పరమాణువు హీమ్ తలం నుండి కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది; ఆక్సిజన్ చేరగానే అది తలంలోకి వచ్చి, తనకు తగులుకొని ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని లాగుతుంది; ఆ లాగుడు గొలుసు వెంట వ్యాపించి, గొలుసుల మధ్య ఉప్పు బంధాలను తెంచి, అణువులో ఒక సగం రెండో సగం మీద దాదాపు 15 డిగ్రీలు తిరిగేలా చేస్తుంది. బిగుతుగా ఉండి ఆక్సిజన్‌ను అంతగా ఇష్టపడని రూపం, సడలి దాన్ని ఆత్రంగా పట్టుకొనే రూపం అనే ఈ రెండింటి మధ్య హిమోగ్లోబిన్ ఊపిరి ఊపిరికీ మారుతూ ఉంటుంది.

బోర్ బృందం కనుగొన్న మరో సంగతి, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వక్రం కుడివైపుకు జరుగుతుందన్నది, అంటే అదే పీడనం వద్ద హిమోగ్లోబిన్ మరింత ఆక్సిజన్‌ను వదులుతుందన్నది. పనిచేసే కండరంలో పుట్టే కార్బన్ డయాక్సైడ్ ఎర్ర కణంలోకి చేరగానే, కార్బానిక్ ఆన్‌హైడ్రేజ్ అనే ఎంజైము దాన్ని నీటితో కలిపి బైకార్బనేటుగా, హైడ్రోజన్ అయానుగా మారుస్తుంది. ఆ హైడ్రోజన్ అయానులు హిమోగ్లోబిన్‌ను బిగుతు రూపంలో నిలిపి ఆక్సిజన్‌ను బయటికి నెట్టిస్తాయి, బైకార్బనేటు క్లోరైడుతో స్థానం మార్చుకొని ప్లాస్మాలోకి వెళ్లి ఊపిరితిత్తుల దాకా ప్రయాణిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 70 శాతం ఈ మార్గంలోనే సాగుతుంది. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను మరింతగా స్వీకరించగలదని హాల్డేన్, ఆయన సహచరులు 1914లో చూపారు. తీసుకురావడమూ తీసుకుపోవడమూ ఒకే అణువులో ఒకదానికొకటి ఊతమివ్వడం శరీరధర్మ శాస్త్రంలోకెల్లా సొగసైన ఏర్పాటు. ఉష్ణోగ్రత పెరిగినా వక్రం కుడివైపుకే జరుగుతుంది కనుక, జ్వరంలోను శ్రమలోను కూడా కణజాలానికి మేలే జరుగుతుంది.

గ్రీన్‌వాల్డ్ వేరుచేసిన ఫాస్ఫేటు సమ్మేళనపు కథ ఇక్కడికి చేరుతుంది. 2,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేటు, పొట్టిగా బీపీజీ, గ్లూకోజు విచ్ఛిన్నంలో వచ్చే ఒక పక్కదారి పదార్థం. ఆ పక్కదారిలో వెళ్లినప్పుడు కణం ఒక ఏటీపీని పోగొట్టుకుంటుంది. శక్తికి అసలే కరువైన కణం ఇంత మూల్యం చెల్లించి, హిమోగ్లోబిన్ అణువుకు దాదాపు ఒకటి చొప్పున ఈ పదార్థాన్ని పోగుచేసుకోవడంలోని అర్థం 1967 వరకు తెలియలేదు. ఆ ఏడు కొలంబియా విశ్వవిద్యాలయంలో రైన్‌హోల్డ్, రూత్ బెనెష్ దంపతులు, విడిగా చానుటిన్, కర్నిష్ అనే పరిశోధకులు, ఈ ఫాస్ఫేటును తొలగిస్తే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను దాదాపు వదలదనీ, తిరిగి చేర్చగానే యథాస్థితికి వస్తుందనీ చూపారు. బీపీజీ రెండు బీటా గొలుసుల మధ్యనున్న గూటిలో ఇమిడి, అణువును బిగుతు రూపంలో పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ నిండిన రూపంలో ఆ గూడు ఇరుకై, అది బయటికి వచ్చేస్తుంది. అంతకుముందు శుద్ధిచేసిన హిమోగ్లోబిన్‌తో పనిచేసిన శాస్త్రజ్ఞుల ఫలితాలు సహజ రక్తపు ఫలితాలతో ఎందుకు సరిపోలేదో కూడా దీనితో తేలిపోయింది: శుద్ధి చేయడంలోనే ఫాస్ఫేటు కొట్టుకుపోయేది. ఫాస్ఫేటు లేని హిమోగ్లోబిన్ ప్రయాణికులను ఎక్కించుకొని ఏ స్టాపులోనూ ఆగని బస్సు వంటిది. ఈ సమ్మేళనాల పరిమాణాన్ని నిర్ధారించే పరిశోధనలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, దాని సవరించిన రూపాలు విస్తారంగా వినియోగమయ్యాయి. భీమవరం నుండి వెళ్లిన శాస్త్రజ్ఞుడు శరీరానికి శక్తినిచ్చే ఫాస్ఫేటును కొలవడానికి చేసిన సాధనం, శరీరానికి ఊపిరినిచ్చే ఫాస్ఫేటును అర్థం చేసుకోవడానికి కూడా పనికివచ్చింది.

బీపీజీ ప్రభావం గర్భంలోనే మొదలవుతుంది. శిశువు హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసుకు బదులు గామా గొలుసు ఉంటుంది. అందులో బీపీజీ తగులుకొనే ఒక హిస్టిడిన్ స్థానంలో సెరిన్ ఉండడం వల్ల ఆ పట్టు సడలి, శిశువు రక్తం తల్లి రక్తం కన్నా గట్టిగా ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. సగం నిండడానికి తల్లి రక్తానికి సుమారు 27 మిల్లీమీటర్ల పీడనం అవసరమైతే శిశువు రక్తానికి 20 చాలు. మావిలో తల్లి నుండి బిడ్డకు ప్రాణవాయువు చేరడం ఒక్క అమైనో ఆమ్లపు మార్పు మీద ఇంతగా ఆధారపడి ఉన్నది. రక్తనిధులలో చల్లగా నిల్వచేసిన రక్తంలో ఇదే బీపీజీ రెండు వారాలలో చాలావరకు తరిగిపోతుంది. రోగికి ఎక్కించాక ఒకటి నుండి మూడు రోజులలో తిరిగి సమకూరుతుంది. పాత రక్తం ఎక్కిస్తే ప్రాణహాని పెరుగుతుందేమో అన్న అనుమానం సహజంగానే కలిగినా, 2015 నుండి వెలువడిన పెద్ద వైద్య పరీక్షలు తాజా రక్తానికీ నిల్వ రక్తానికీ మరణాల విషయంలో తేడా చూపలేదు. ప్రయోగశాలలో నిజమైనది మంచం పక్కన కూడా అంతే బరువుతో నిజం కావలసిన పనిలేదని వైద్యశాస్త్రం ఇటువంటి సందర్భాలలోనే నేర్చుకుంటుంది.

వదలడంలోనే వ్యాధి పుట్టుకొచ్చే సందర్భాలు రెండు. మొదటిది బొగ్గు కుంపటి పొగలోను, మూసిన గదిలో నడిచే జనరేటరు పొగలోను ఉండే కార్బన్ మోనాక్సైడ్. అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా హీమ్‌ను అంటుకోవడమే కాక, మిగిలిన హీమ్‌ల మీద ఉన్న ఆక్సిజన్‌ను కూడా కదలనివ్వదు. రక్తంలో సగం హిమోగ్లోబిన్ తగ్గినా లేచి తిరిగే రోగులుంటారు. సగం హిమోగ్లోబిన్‌ను ఈ విషవాయువు ఆక్రమిస్తే ప్రాణాపాయం. రెండోది సికిల్ సెల్ వ్యాధి. బీటా గొలుసులో ఆరో స్థానాన ఉండవలసిన గ్లూటామిక్ ఆమ్లం బదులు వాలిన్ ఉండడమే దీనికి మూలం. ఇది అణువులోని లోపమని లైనస్ పాలింగ్ బృందం 1949లో చెప్పగా, వెర్నన్ ఇన్‌గ్రామ్ 1956–57లో ఆ కచ్చితమైన మార్పును పట్టుకున్నారు. ఈ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ నిండి ఉన్నంతసేపు సౌమ్యంగానే ఉంటుంది, ఆక్సిజన్‌ను వదిలిన క్షణం నుండి అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవాటి పోగులుగా మారి కణాన్ని కొడవలిలా వంచివేస్తాయి. ఆ పోగులు ఏర్పడడానికి కొద్ది సమయం పడుతుంది. అంతలోగా కణం కేశనాళికను దాటి ఊపిరితిత్తులకు చేరితే ఉపద్రవం తప్పుతుంది, జ్వరం, చలి, నీరు తాగకపోవడం వంటివి దానిని ఆలస్యం చేస్తే నాళం మూసుకుపోయి భరించరాని నొప్పి వస్తుంది. భారతదేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనులలో లేమాన్, కట్‌బుష్ గుర్తించారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోను, ఆదిలాబాద్ ప్రాంతపు గూడేలలోను ఈ వ్యాధి నేటికీ కుటుంబాలను వేధిస్తున్నది. 2023 జులై 1న ఆరంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం వ్యాధి ఉన్న గిరిజన ప్రాంతాలలోని 40 ఏళ్ల లోపు వారందరికీ పరీక్షలు చేయాలని తలపెట్టింది; పరీక్ష తరువాత హైడ్రాక్సీయూరియా వంటి మందు గూడెం దాకా ఆగకుండా చేరినప్పుడే ఆ కార్యక్రమానికి సార్థకత.

ఇక రక్తహీనత. హిమోగ్లోబిన్ 15 గ్రాముల నుండి ఏడున్నరకు పడిపోయిన స్త్రీని ఊహిస్తే, ఆమె రక్తం 100 మిల్లీలీటర్లకు 20 బదులు 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌నే మోస్తుంది. విశ్రాంతిలో కణజాలాలకు కావలసినది 5 మిల్లీలీటర్లు. నాలుగో వంతు దిగవలసిన చోట సగం దిగుతుంది. ఎర్ర కణాలలో బీపీజీ పెరిగి వక్రాన్ని కుడివైపుకు జరపడం వల్ల ఆ సగం కూడా కణజాలపు పీడనం మరీ పడిపోకుండానే దిగుతుంది. గుండె కొంచెం వేగం పెంచుతుంది. ఇదంతా నెలల తరబడి నెమ్మదిగా జరగడం వల్ల ఆమెకు తాను జబ్బుపడ్డానన్న భావమే కలగదు. నాట్లు వేస్తుంది, నీళ్లు మోస్తుంది, అలసటను వయసుకో ఇంటి చాకిరికో ఆపాదించుకుంటుంది. అయితే ఆపదకాలానికి ఉంచుకోవలసిన నిల్వను ఆమె శరీరం ప్రతిరోజూ విశ్రాంతిలోనే ఖర్చు చేస్తున్నది. కాన్పులో రక్తస్రావమైన నాడు వెనక్కి తగ్గడానికి ఆ శరీరానికి చోటు ఉండదు. 10 గ్రాములున్న తల్లి తట్టుకోగల రక్తస్రావాన్ని 7 గ్రాములున్న తల్లి తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

2021లో కోవిడ్ రెండో ఉధృతి వేళ తెలుగు ఇళ్లలోకి కూడా ప్రవేశించిన పల్స్ ఆక్సీమీటరు ఈ విషయంలో ఎంతమాత్రం సాయపడదు. జపాన్‌లో తకువో అయోయాగి 1970 దశకంలో కనిపెట్టిన ఆ చిన్న పరికరం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉన్నదో చెబుతుంది, హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో చెప్పదు. ఏడు గ్రాములున్న స్త్రీ వేలికి తగిలించినా అది 98 చూపుతుంది. 15 గ్రాములున్నవారికి ఆ 98 దాదాపు 19.7 మిల్లీలీటర్ల ఆక్సిజన్, ఆమెకు 9.2 మాత్రమే. వేలికి తగిలించిన అంకె బాగుందని ధైర్యం చెప్పడం రక్తహీనత విషయంలో ప్రమాదకరం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 2019–21లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలికొన నుండి తీసిన రక్తంతో చేసిన ఈ లెక్క వాస్తవం కన్నా ఎక్కువ చూపుతుందన్న వాదం ఉన్నది. సిరల నుండి రక్తం తీసి 2016–18లో చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1 నుండి 4 ఏళ్ల పిల్లలలో రక్తహీనత 41 శాతంగా తేలగా, వేలికొన రక్తంతో దాదాపు అదే కాలంలో చిన్నపిల్లలలో లెక్కించినది 58 శాతాన్ని దాటింది. కొలత పద్ధతి గురించిన ఈ చర్చ శాస్త్రీయంగా అవసరమే. కానీ ఏ పద్ధతిని అంగీకరించినా మిగిలేది కోట్ల మంది. అంకె తగ్గితే సమస్య తగ్గినట్టు సంబరపడడం తగదు.

కారణాలలో ముందుండేది ఇనుము లోపం. శరీరంలోని 3 నుండి 4 గ్రాముల ఇనుములో దాదాపు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. పాత కణాల నుండి రోజూ 20 నుండి 25 మిల్లీగ్రాములు తిరిగి వాడుకోబడుతుంది, ఆహారం నుండి గ్రహించేది 1, 2 మిల్లీగ్రాములే. నెలసరి రక్తస్రావం, వరుస కాన్పులు, కొంకిపురుగులు ఈ సన్నని జమాఖర్చును తలకిందులు చేస్తాయి, కణాలు చిన్నవై పాలిపోతాయి. రెండో కారణం ఫోలిక్ ఆమ్లం లోపం. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ తయారు కావాలి, దానికి ఫోలేటు కావాలి. అది లేకపోతే మూలుగలో కణాలు పెరుగుతాయే గాని విడిపోలేక పెద్దవిగా, కొద్దిసంఖ్యలో మిగిలిపోతాయి. 1928 తరువాత బొంబాయిలో లూసీ విల్స్ బట్టల మిల్లుల కార్మిక కుటుంబాల గర్భవతులలో ఇటువంటి రక్తహీనతను గుర్తించి, ఈస్టు సారంతో నయమవుతుందని చూపారు. ఆ సారంలోని అజ్ఞాత పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. స్ప్రూ అనే పేగు వ్యాధి సోదరులను బలిగొనగా, తానూ దాని బారినపడి బయటపడిన సుబ్బారావు, హార్వర్డ్‌లో కాలేయ సారంతో ప్రాణాంతక రక్తహీనతపై పనిచేసి, పిదప లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనా సారథిగా 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని సాధించిన బృందాన్ని నడిపించారు. స్ప్రూలో పేగులు ఫోలేటును గ్రహించలేకపోవడమే ఆ రక్తహీనతకు ప్రధాన కారణం. ఆ మందు వచ్చేనాటికి ఆయన సోదరులు లేరు; 1948లో ఆయన కూడా కన్నుమూశారు.

గర్భవతులకు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు అందించే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గర్భం నాలుగో నెల నుండి రోజూ, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవలసిన ఈ మాత్ర కడుపులో వికారం కలిగిస్తుందనో, మలం నల్లబడుతుందనో చాలా ఇళ్లలో డబ్బాలోనే మిగిలిపోతున్నది. నల్లబడడం హాని కాదు. వికారం అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటబట్టదు, నిమ్మ, ఉసిరి వంటి పులుపు తోడైతే బాగా పడుతుంది. ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషం చెప్పని వైద్యుడి చీటీకి సగం విలువే. కౌమార బాలికలకు బడిలో వారానికొక మాత్ర ఇచ్చే ఏర్పాటు ఉన్నది గనుక, ఉపాధ్యాయులు దానిని హాజరు పట్టీ అంత శ్రద్ధగా చూడాలి. గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు మొదటి, చివరి మూడు నెలలలో 11 గ్రాములు, మధ్య మూడు నెలలలో 10.5 గ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కనీస హద్దు. ప్రతి ఇంట తల్లికి, కూతురికి, కోడలికి ఏడాదికొకసారైనా రక్తం తీయించి హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో తెలుసుకోవాలి. ఆ హద్దుకు తగ్గితే కారణం కనిపెట్టే దాకా వైద్యుణ్ణి అడుగుతూనే ఉండాలి.